బండి కింద ఫిల్టరు కోయించే ముందు

టమోటా కోతలు మొదలయ్యాయి. తెల్లవారుజామున క్రేట్లు ఎక్కించుకుని మార్కెట్టుకు బయలుదేరారు. దారిలో మీటరు పలక మీద పసుపు రంగు దీపం వెలిగింది. బండి నడుస్తోంది కదా అని పట్టించుకోలేదు. నాలుగు రోజులకు బండి ఎత్తు ఎక్కడం మానేసింది. యాక్సిలరేటరు ఎంత తొక్కినా నలభై దాటదు. షెడ్డుకు తీసుకుపోతే మెకానిక్కు కిందికి దూరి చూసి, ‘‘ఫిల్టరు బిగిసిపోయిందన్నా. కొత్తది వెయ్యాలంటే నీ కోతల డబ్బు చాలదు. కోసి లోపలి సరుకు తీసేస్తా, కంప్యూటరులో ఆ దీపం కూడా రాకుండా చేస్తా. మళ్లీ ఈ పీడ ఉండదు’’ అన్నాడు.

ఈ మాట విని ఊఁ అనేసే రైతులు చాలామందే ఉన్నారు. 2020 తరువాత తయారైన డీజిల్ కార్లు, సరుకు బండ్లు ఇప్పుడు సెకండ్ హ్యాండులో చిన్న రైతుకు అందే ధరలోకి వస్తున్నాయి. వాటితోపాటే ఈ ఫిల్టరు బాధ కూడా మన వాకిట్లోకి వచ్చింది. కోయించాలా వద్దా అన్నది తేల్చుకోవడానికి ముందు, అసలు అదేమిటో, ఎందుకు మూసుకుపోయిందో తెలుసుకోవడం అవసరం.

ఏమిటీ ఫిల్టరు?

దీన్ని డీజిల్ పార్టిక్యులేట్ ఫిల్టర్ అంటారు. షెడ్లలో డి.పి.ఎఫ్. అని పిలుస్తారు. ఇంజను నుంచి వచ్చే పొగ గొట్టంలో సైలెన్సరు కంటే ముందు డబ్బాలాగా ఉంటుంది. డీజిల్ పొగలోని మసిని పట్టి ఆపడమే దీని పని. మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి బి.ఎస్.-6 నిబంధనలు అమలులోకి వచ్చాయి. అంతకుముందున్న బి.ఎస్.-4లో డీజిల్ కారు కిలోమీటరుకు 25 మిల్లీగ్రాముల దాకా మసి వదలవచ్చు. బి.ఎస్.-6లో దాన్ని 4.5 మిల్లీగ్రాములకు దించారు. ఇంజనును ఎంత బాగు చేసినా ఈ ఫిల్టరు లేకుండా అంత తక్కువకు రావడం కష్టం. అందుకే కంపెనీలు దీన్ని బిగిస్తున్నాయి. అంతకుముందటి పాత డీజిల్ బండ్లలో చాలావాటికి ఇది లేదు. మన పొలాల్లో తిరుగుతున్న చిన్న ట్రాక్టర్లలో కూడా చాలావాటికి ఉండదు. 50 హార్స్ పవరు దాటిన ట్రాక్టర్లకు మాత్రం 2023 జనవరి నుంచి నిబంధనలు బిగించారు కాబట్టి, ఆ పైన కొనేవారు డీలరును అడిగి తెలుసుకోవాలి.

డబ్బా లోపల పింగాణీ లాంటి పదార్థంతో చేసిన దిమ్మ ఉంటుంది. జొన్న దంట్లను కట్ట కట్టి నిలబెట్టినట్టు వేల సన్నటి గొట్టాలు పక్కపక్కనే ఉంటాయి. అయితే ఒక గొట్టానికి ఈ చివర మూత ఉంటే, పక్కదానికి ఆ చివర మూత ఉంటుంది. లోపలికి వచ్చిన పొగకు నేరుగా బయటికి పోయే దారి లేదు. గొట్టం గోడలోని సన్నటి రంధ్రాల గుండా పక్క గొట్టంలోకి ఊరి పోవలసిందే. గాలి పోతుంది, మసి గోడకు అంటుకుని ఆగిపోతుంది. ఫిల్టరు బాగుంటే పొగలోని మసి బరువులో నూటికి 95 పాళ్లకు పైగా ఇక్కడే ఆగుతుంది.

డ్రిప్పు ఉన్న రైతుకు తెలిసిన సంగతే

డ్రిప్పు వేసుకున్న రైతులకు దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు. బోరు దగ్గర ఇసుక ఫిల్టరు, జాలి ఫిల్టరు ఉంటాయి. వాటికి ముందొకటి, వెనకొకటి ప్రెషరు మీటర్లు ఉంటాయి. రెండింటి మధ్య తేడా పెరిగిందంటే ఫిల్టరులో చెత్త పట్టిందని అర్థం. అప్పుడు వాల్వు తిప్పి కడుగుతాం. బండిలోనూ ఇదే పద్ధతి. డి.పి.ఎఫ్.కు ముందు ఎంత ఒత్తిడి ఉంది, వెనుక ఎంత ఉంది అని కొలిచే సెన్సారు ఒకటి ఉంటుంది. తేడా పెరిగితే బండిలోని కంప్యూటరు ‘మసి నిండింది’ అని గ్రహిస్తుంది.

తేడా కడగడంలోనే ఉంది. డ్రిప్పు ఫిల్టరును నీళ్లతో కడుగుతాం, బండి తన మసిని తానే కాల్చుకుంటుంది. ఎక్కువ దూరం వేగంగా పోయినప్పుడు పొగ వేడికే కొంత మసి కాలిపోతుంది. అది చాలనప్పుడు కంప్యూటరు కొంచెం డీజిల్ అదనంగా వదిలి, ఫిల్టరులో వేడిని 600 డిగ్రీల వరకు పెంచి మసిని తగలబెడుతుంది. దీన్ని రీజనరేషన్ అంటారు. ఇది పూర్తి కావాలంటే బండి యాభై, అరవై కిలోమీటర్ల వేగంతో పదిహేను, ఇరవై నిమిషాలు ఆగకుండా పోవాలి.

ఎందుకు మూసుకుపోతుంది?

చిన్న రైతు బండికి ఆ పదిహేను నిమిషాలే దొరకవు. పొలం నుంచి ఊళ్లోకి రెండు కిలోమీటర్లు. ఊరి నుంచి మార్కెట్టుకు పదో పన్నెండో. అంగళ్లు చుట్టుపక్కల రైతు మదనపల్లె మార్కెట్టుకు పోయేదీ ఇంతే. అందులోనూ స్పీడు బ్రేకర్లు, మార్కెట్టు గేటు దగ్గర క్యూ. ఇంజను సరిగ్గా వేడెక్కేలోపే దిగవలసిన చోటు వస్తుంది. బండి మసి కాల్చుకోవడం మొదలుపెడుతుంది, మనం తాళం తిప్పి ఆపేస్తాం. మరుసటి రోజు మళ్లీ మొదలుపెడుతుంది, మళ్లీ ఆపేస్తాం. ఇట్లా పది పన్నెండు సార్లు జరిగితే ఏ ఫిల్టరైనా బిగిసిపోతుంది. అదే రైతు వారానికి ఒకసారి కోలారుకో, చిత్తూరుకో సరుకు వేసుకుని పోయివస్తే చాలావరకు ఈ దీపం ముఖమే చూడడు.

ఇంకో నష్టం కూడా ఉంది. ఇది చాలామందికి తెలియదు. మసి కాల్చడానికి అదనంగా వదిలిన డీజిల్ అంతా కాలదు. కొంత సిలిండరు గోడల వెంట జారి కింద ఇంజను ఆయిల్లో కలుస్తుంది. రీజనరేషన్ మధ్యలో ఆగిన ప్రతిసారీ ఇంకొంచెం కలుస్తుంది. డిప్ స్టిక్కు తీసి చూస్తే ఆయిలు తగ్గకపోగా గీత దాటి పైకి కనిపిస్తుంది. ‘మా బండి ఆయిలు తాగదు’ అని సంతోషించకూడదు. అది డీజిల్ కలిసి పలచబడిన ఆయిలు. దాంతోనే తిప్పితే టర్బో, బేరింగులు అరిగిపోతాయి. గీత దాటిందంటే వెంటనే ఆయిలు మార్పించాలి.

ఆయిలు విషయంలో మన వాళ్లు చేసే పొరపాటు ఇంకొకటి ఉంది. ట్రాక్టరు కోసం తెచ్చిన డ్రమ్ములో ఆయిలు మిగిలితే అదే బండికీ పోస్తారు. మసి కాలుతుంది గానీ ఆయిల్లోని మందులు కాలితే మిగిలే బూడిద కాలదు. అది ఫిల్టరులోనే ఉండిపోతుంది. అందుకే డి.పి.ఎఫ్. ఉన్న బండికి బూడిద తక్కువ వచ్చే ప్రత్యేకమైన ఆయిలు పోయాలి. ఏ గ్రేడో బండితో వచ్చిన పుస్తకంలో రాసి ఉంటుంది. ధర కొంచెం ఎక్కువే. అయినా ఫిల్టరు ధరతో పోలిస్తే అది ఒక లెక్క కాదు. మంచి ఆయిలు పోసినా లక్ష కిలోమీటర్లు దాటాక కొంత బూడిద చేరుతుంది. అప్పుడు ఫిల్టరును విప్పి శుభ్రం చేయించుకోవలసి రావచ్చు.

కల్తీ డీజిల్ సంగతి చెప్పనక్కరలేదు. ఇప్పుడు బంకుల్లో వచ్చే డీజిల్ లో గంధకం పది లక్షల పాళ్లకు పది పాళ్లకు మించకూడదు. కిరోసిన్ లో అది ఎన్నో రెట్లు ఎక్కువ. చౌకగా వస్తుందని క్యాన్లలో కొన్న డీజిల్ పోస్తే, ఫిల్టరు ముందుండే రసాయన డబ్బా పనిచేయడం మానేస్తుంది. దాని వెనుక ఫిల్టరు కూడా పోతుంది.

ఇక ఇంజక్టరు కారుతున్నా, టర్బో నుంచి ఆయిలు లీకవుతున్నా, ఇ.జి.ఆర్. వాల్వు మసి పట్టి ఇరుక్కుపోయినా పొగ పెరిగి ఫిల్టరు త్వరగా నిండుతుంది. అంటే ఫిల్టరు మూసుకుపోవడం చాలాసార్లు రోగం కాదు, లోపల ఉన్న రోగానికి గుర్తు.

కోసేస్తే ఏమవుతుంది?

మొదట బండి హుషారుగా పరుగెడుతుంది. ఇది నిజం. ఎందుకంటే పొగకు అడ్డం పోయింది. మైలేజీ కూడా కొంచెం పెరిగినట్టు అనిపిస్తుంది. బిగిసిపోయిన ఫిల్టరుతో పోలిస్తే పెరుగుతుంది మరి! శుభ్రంగా ఉన్న ఫిల్టరుతో పోల్చి చూస్తే ఆ తేడా చాలా తక్కువ.

ఇంజక్టరు కారుతూ ఉండి ఫిల్టరు నిండి ఉంటే, ఇప్పుడు ఇంజక్టరు అట్లాగే కారుతూ ఉంటుంది. ఇంతకుముందు దీపం వెలిగి చెప్పేది, ఇప్పుడు చెప్పేవాడు లేడు. పిస్టను దెబ్బతిన్నాక గానీ మీకు తెలియదు. కంప్యూటరులో చేసిన మార్పు సరిగ్గా కుదరకపోతే అది ఇంకో తలనొప్పి. ఫిల్టరు లేదని తెలియని బండి మసి కాల్చడానికి డీజిల్ వదులుతూనే ఉంటుంది. ఆ డీజిల్ మీ డబ్బు. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు ఉంటుంది ఇది.

మసి సంగతికి వద్దాం. నూటికి 95 పాళ్లు ఆగుతున్న మసి ఇప్పుడు అంతా బయటికి వస్తోంది. అంటే కోసేసిన ఒక్క బండి, ఫిల్టరు బాగున్న ఇరవై బండ్లంత మసి వదులుతుంది. అది నల్లగా కంటికి కనిపించాలని లేదు. డీజిల్ మసి రేణువు మన తల వెంట్రుక మందంలో వందో వంతు కూడా ఉండదు. ముక్కులో, గొంతులో ఆగదు. ఊపిరితిత్తుల అడుగుకు పోతుంది, అతి సన్నటివి నెత్తుటిలోకి కూడా చేరతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012 జూన్ లో డీజిల్ పొగను మనుషులకు క్యాన్సర్ తెచ్చేవాటి మొదటి జాబితాలో చేర్చింది. పొగాకు ఉన్నదీ ఆ జాబితాలోనే.

‘‘నా ట్రాక్టరుకు లేదు, పాత లారీలకు లేదు, నా ఒక్క బండికి తీసేస్తే కొత్తగా వచ్చే నష్టమేంది?’’ అని అడిగే రైతులుంటారు. న్యాయమైన ప్రశ్నే. పాత ట్రాక్టరు పొగ తక్కువేమీ కాదు. అయితే ట్రాక్టరు ఎక్కువసేపు పొలంలో ఉంటుంది. ఈ బండి మాత్రం ఇంటి ముందు, కిటికీ పక్కన నిలబడుతుంది. తెల్లవారుజామున చలికి బండి స్టార్టు చేసి, క్రేట్లు ఎక్కించేంతసేపు అట్లాగే తిరగనిస్తాం. పొగ గొట్టం దగ్గర నిలబడి క్రేట్లు అందించేది ఇంటి ఆడవాళ్లు. పండుగకు, పెళ్లికి వెనుక కూర్చునేది పిల్లలు. మార్కెట్టు యార్డులో పదుల బండ్ల మధ్య రోజంతా మూటలు మోసే హమాలీ కూడా మనలాంటివాడే. ఆ మసి ముందు చేరేది వీళ్లకే.

చట్టం ఎవరిని పట్టుకుంటుంది?

కోసింది మెకానిక్కు అయినా కేసు యజమాని మీదే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ ఇచ్చిన తీరుకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 సవరణలో చేర్చిన 182ఎ సెక్షను ప్రకారం అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు గానీ, ఒక్కొక్క మార్పుకు అయిదు వేల రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ విధించవచ్చు. వాయు కాలుష్య ప్రమాణాలు దాటిన బండిని నడిపితే 190వ సెక్షను కింద మూడు నెలల వరకు జైలు, పది వేల వరకు జరిమానా, మూడు నెలలు లైసెన్సు రద్దు అని రాసి ఉంది.

‘‘కాలుష్యం సర్టిఫికెట్టు వస్తుందన్నా, నాదీ పూచీ’’ అంటాడు మెకానిక్కు. రావచ్చు కూడా. మన దగ్గర పొగ పరీక్షలో పొగ ఎంత నల్లగా ఉందో చూస్తారు, రేణువులు లెక్కపెట్టరు. ఇంజను బాగుంటే ఫిల్టరు లేకపోయినా పరీక్ష గట్టెక్కవచ్చు. ఈ లోటు ఇతర దేశాల్లోనూ ఉండేది. బ్రిటన్ లో 2014 ఫిబ్రవరి నుంచి ఏటా జరిగే పరీక్షలో ఫిల్టరు లేని బండిని ఫెయిల్ చేస్తున్నారు. కోసి మళ్లీ వెల్డింగు పెడితే కంటికి తెలియదు కాబట్టి, 2023లో నెదర్లాండ్స్, జర్మనీ దేశాలు రేణువులను లెక్కపెట్టే యంత్రాలనే పరీక్ష కేంద్రాల్లో పెట్టాయి. ఇక్కడ అట్లాంటి యంత్రం వచ్చిన రోజున మళ్లీ ఫిల్టరు కొనవలసింది మీరే. మెకానిక్కు కోసి పక్కన పడేసిన పాతది దొరకదు.

వారంటీ ఇంకా ఉంటే ఆ భాగం వరకు అది పోయినట్టే. ప్రమాదం జరిగినప్పుడు బీమా కంపెనీ ‘బండి మార్చారు’ అని మెలిక పెట్టడానికీ ఇది అవకాశం ఇస్తుంది.

దీపం వెలిగితే ఏం చేయాలి?

మీటరు పలక మీద గొట్టం మధ్యలో పెట్టె, పెట్టెలో చుక్కలు ఉన్న గుర్తు ఫిల్టరుది. అది ఆరకుండా నిలకడగా వెలిగితే భయపడనక్కరలేదు. అదే రోజు బండిని మెయిను రోడ్డు ఎక్కించి, వేగ పరిమితి దాటకుండా, గేరు ఒకటి తక్కువగా పెట్టి ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు ఆగకుండా నడపండి. డీజిల్ ట్యాంకులో పావు వంతుకు తగ్గకుండా ఉండాలి. తక్కువగా ఉంటే చాలా బండ్లు మసి కాల్చడం మొదలుపెట్టవు. దీపం ఆరిపోతుంది. ఆ ఇరవై నిమిషాల డీజిల్ దండుగ అని లెక్క వేసుకోకండి.

దీపం లేకపోయినా బండి ఒక్కోసారి తనంతట తాను మసి కాల్చుకుంటుంది. ఇంజను ఖాళీగా తిరిగేటప్పుడు మామూలు కంటే వేగంగా తిరుగుతుంది, ఫ్యాను గట్టిగా మోగుతుంది, కాలిన వాసన వస్తుంది. అప్పుడు ఇంటికి చేరినా వెంటనే ఆపవద్దు. ఇంకో నాలుగు కిలోమీటర్లు తిప్పి రండి.

దీపం మిణుకుతున్నా, ఇంజను దీపం కూడా తోడై బండి లాగలేకపోతున్నా ఇక రోడ్డు మీద తిప్పి లాభం లేదు. సర్వీసు కేంద్రంలో కంప్యూటరు తగిలించి, బండిని నిలబెట్టే మసి కాల్పిస్తారు. ఆ తరువాత ఆయిలు మార్పించాలి. దానికీ లొంగకపోతే ఫిల్టరును విప్పి యంత్రంతో శుభ్రం చేసేవారు పెద్ద పట్టణాల్లో ఉన్నారు. కొత్త ఫిల్టరుకు పదుల వేలు అవుతుంది, శుభ్రం చేయించడానికి అందులో కొంత భాగమే. మెకానిక్కు ‘కోద్దాం’ అన్నప్పుడు మీరు అడగవలసిన మొదటి మాట, ‘‘కడిగిస్తే రాదా?’’ అని. రెండో మాట, ‘‘ఎందుకు నిండిందో చూశావా?’’ అని. ఇంజక్టరు, టర్బో, సెన్సారు చూడకుండా కడిగించినా రెండు నెలల్లో మళ్లీ నిండుతుంది. మోటారు పెట్టి నీళ్లు కొట్టడం, యాసిడ్ పోయడం, సుత్తితో తట్టి మసి రాల్చడం లాంటివి చేయనివ్వకండి. లోపలిది పింగాణీ లాంటిది, పగులుతుంది.

ఒక ముఖ్యమైన జాగ్రత్త. మసి కాలేటప్పుడు బండి అడుగుభాగం విపరీతంగా వేడెక్కుతుంది. ఆ సమయంలో వరిగడ్డి పరిచిన కళ్లంలో గానీ, వామి పక్కన గానీ, ఎండిన బోద మీద గానీ ఆపితే నిప్పు అంటుకోవచ్చు. వేరుశనగ కట్టె ఆరబోసిన చోటా అంతే. డి.పి.ఎఫ్. ఉన్న బండిని ఎప్పుడూ మట్టి నేల మీదే నిలపండి.

కొనబోయేవారికి

మీ తిరుగుడంతా పది కిలోమీటర్ల లోపేనా? అయితే సెకండ్ హ్యాండు బి.ఎస్.-6 డీజిల్ బండి మీకు సరిపడదు. ఈ మాట అమ్మేవాడు చెప్పడు. కొత్త బండి అమ్మే షోరూములోనూ ఎవరూ చెప్పడం లేదు, అది వాళ్ల తప్పే. దగ్గర తిరుగుళ్లకు పెట్రోలు బండి, గ్యాసు బంకు అందుబాటులో ఉంటే సి.ఎన్.జి. బండి, రాత్రి ఇంట్లో ఛార్జింగు పెట్టుకునే వీలుంటే కరెంటు ఆటో నయం. వారానికి రెండుసార్లయినా దూరం పోయేవారికి, బరువు ఎక్కువ వేసేవారికి డీజిల్ బండే బాగుంటుంది, ఫిల్టరూ ఇబ్బంది పెట్టదు.

డీజిల్ బండే కొనాలనుకుంటే, ముందు దాని ఫిల్టరు ఉందో లేదో చూసుకోండి. ఇంజను చల్లగా ఉన్నప్పుడు తెల్లటి గుడ్డ వేలికి చుట్టి పొగ గొట్టం చివర లోపలి వైపు తుడవండి. ఫిల్టరు సరిగ్గా ఉన్న బండికి గుడ్డ దాదాపు శుభ్రంగా వస్తుంది. నల్లగా మసి అంటిందంటే కోసేశారు, లేదా లోపల పగిలింది. కిందికి వంగి ఆ డబ్బాకు కొత్త వెల్డింగు గీత ఉందేమో చూడండి. తాళం తిప్పగానే మిగతా దీపాలతోపాటు చాలా బండ్లలో చుక్కల పెట్టె దీపం కూడా ఒక క్షణం వెలిగి ఆరాలి. అసలు వెలగకపోతే అనుమానించాలి. కోసిన బండి అని తేలితే కొత్త ఫిల్టరు, దాని బిగింపు, కంప్యూటరు సరిచేయించే ఖర్చు మూడూ కలిపి ధరలో తగ్గించమనండి. తగ్గించకపోతే ఆ బండిని అక్కడే వదిలేసి రండి.